పరాయి రుచి

మంగతాయారు నోట్లో మొదటిసారి పరాయి రుచి తగిలినప్పుడు ఉదయం పదకొండు కావస్తోంది. పొయ్యి మీద గుత్తివంకాయ కూర మగ్గుతోంది. ఎదురుగా స్టాండు మీద కెమెరా, దాని వెనక భర్త వీరభద్రం. లైవ్ నడుస్తోంది. చెంచాతో కాస్త గుజ్జు తీసి, ఊదుకుని నాలిక మీద వేసుకుంది. నువ్వులు, పల్లీలు, చింతపండు, వాటి వెనకాల ఎండుకొబ్బరి. అన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. మింగింది. మింగాక, నోరు ఖాళీ అయ్యాక, జర్దా కిళ్ళీ రుచి వచ్చింది.

సున్నం చురుక్కుమంది. వక్క వగరు, పొగాకు ఘాటు. తాయారు బుద్ధెరిగాక జర్దా ముట్టుకున్నది లేదు. ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. అయినా ఎవరో తీరిగ్గా కూర్చుని నములుతున్నట్టు ఆ రసం ఎడమ దవడ వైపు ఊరుతోంది.

"ఉప్పు సరిపోయిందా అండీ తాయారు గారూ అని అడుగుతున్నారు" అని వీరభద్రం కామెంట్ చదివాడు.

"సరిపోయిందండీ" అంది నవ్వుతూ. లైవ్ అయ్యేదాకా ఆ నవ్వు చెదరనివ్వలేదు. కెమెరా ఆగగానే పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేసింది. ఎర్రగా పడుతుందనుకుంది. తెల్లటి ఉమ్మే పడింది. అది చూశాకే ఆమెకి భయం వేసింది.

తణుకులో వాళ్ళ ఫొటో స్టూడియో మూతపడ్డాక మొదలుపెట్టిన చానెల్ అది. పేరు 'తాయారు పొయ్యి'. నాలుగేళ్ళలో మూడున్నర లక్షల మంది చేరారు. మొదట్లో యాడ్ల మీద వచ్చేదానితో ఇల్లు గడిచింది. తర్వాత్తర్వాత ఎంతమంది చూసినా రాబడి మాత్రం కుంచించుకుపోతూ వచ్చింది. ఎందుకని ఎవర్ని అడగాలో కూడా తెలియదు. ఓ మసాలా పొడి గురించి వాళ్ళు చెప్పమన్నట్టు నాలుగు మంచి మాటలు చెప్పి చూసింది. పొడిలో పురుగులొచ్చాయని ఒకావిడ ఫోన్ చేసి తిట్టిన తిట్లకి మూడు రోజులు అన్నం సహించలేదు. ఆవకాయ పెట్టి కొరియర్లో పంపితే దారిలో సీసాలు పగిలి, నూనె కారిన అట్టపెట్టెలు ఇంటికే తిరిగొచ్చాయి. "యాడ్లని నమ్ముకుంటే లాభం లేదమ్మా, నిన్ను నమ్మేవాళ్ళనే నమ్ముకో" అనేది ఇంటర్ చదువుతున్న కూతురు ప్రసూన.

అలాంటి రోజుల్లో విశాఖపట్నం నుంచి డాక్టర్ విహారి వచ్చాడు. మెదడు మీద పరిశోధన చేసే మనిషి. నోటి క్యాన్సర్‌కి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని రుచి పోగొట్టుకున్నవాళ్ళ కోసం పదేళ్ళు కష్టపడి ఒక పరికరం తయారుచేశాడు. వండే మనిషి అంగిట్లో ఉల్లిపొరంత పల్చటి బిళ్ళ, చెవి వెనక చర్మం కింద చింతగింజంత యంత్రం. అవతలివాళ్ళకి తలకో పట్టీ. ఇక్కడ తాయారు రుచి చూస్తే అక్కడ పట్టీ పెట్టుకున్నవాళ్ళ నోట్లో అదే రుచి పుడుతుంది. రోగుల దాకా చేరాలంటే ఏళ్ళు పడుతుందని, పెట్టుబడి పెట్టిన కంపెనీ దాన్ని వంట చానెళ్ళ వైపు తిప్పింది. నెలనెలా చందా కట్టినవాళ్ళు వారానికి రెండు లైవులు నోటితో సహా చూడొచ్చు.

"నొప్పుంటుందా అండీ?" అని అడిగింది తాయారు.

"చెవులు కుట్టించుకున్నంత" అన్నాడు విహారి.

మూడు వందల పంతొమ్మిది మంది సభ్యులయ్యారు. వాళ్ళలో ఒకాయన నరసాపురం నుంచి ఫోన్ చేశాడు. రెండేళ్ళుగా మట్టి నమిలినట్టు నమిలి మింగుతున్నాడట. "ఇయ్యాల మీ చింతకాయ పచ్చడి పుల్లగా తగిలిందమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పూటంతా తాయారు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇల్లు గడిచే బెంగ కూడా కొంత తగ్గింది.

జర్దా వచ్చిన మర్నాడు కాఫీ వచ్చింది, చక్కెర లేకుండా. ఆ తర్వాత చేదు మాత్ర ఒకటి నాలిక మీదే కరిగిపోయింది. ఓరోజు పొద్దున తొమ్మిదింటికి ప్రసూనకి బాక్సు కడుతుంటే ఎవరో సారా తాగారు, గటగటా, నీళ్ళైనా కలపకుండా. తాయారు వంటగట్టు పట్టుకుని నిలబడిపోయింది. అంగిట్లో బిళ్ళ తీసి పెట్టెలో పెట్టేసి చూసింది. అయినా వచ్చింది. లైవ్ లేని రోజు కూడా వచ్చింది. పళ్ళు తోముకుంటుంటే తన పేస్టు కాక వేరే పేస్టు, గుడిలో తీర్థం తీసుకుంటుంటే చేప పులుసు. ఒకసారి ఎవరిదో నెత్తురు. అది ఎందుకు వచ్చిందో, ఎవరిదో, తర్వాత ఏమైందో తెలియలేదు. ఆ రోజంతా తన చిగుళ్ళు అద్దంలో చూసుకుంటూనే ఉంది.

చెబితే ఈ ఆధారమూ పోతుందని ఎవరికీ చెప్పలేదు. కానీ పప్పులో రెండోసారి ఉప్పు వేస్తుంటే వీరభద్రం చెయ్యి పట్టుకున్నాడు.

"తాయారూ, వేశావు. ఇందాకే వేశావు."

"నాకు తెలీలేదండీ." ఆమె గరిటె కింద పెట్టేసింది. "నా నోరు నాది కాదండీ. ఎవరెవరో వచ్చి తిని పోతున్నారు."

ఆ మాట అన్న తీరు చూసి వీరభద్రం పొయ్యి కట్టేశాడు. మర్నాడు పొద్దున్నే రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళాడు.

విహారి ముందు నమ్మలేదు. నమ్మకపోయినా పరీక్ష పెట్టాడు. మరమ్మతు అని చెప్పి సభ్యుల పట్టీలన్నీ పది నిమిషాలు ఆపించాడు. అంతకంటే ఎక్కువసేపు ఆపాలంటే కంపెనీ పెద్ద ముకుంద్ ఒప్పుకోవాలి. తన దగ్గర పనిచేసే చందన అనే అమ్మాయికి తలపట్టీ పెట్టి, రెండు గదుల అవతల కూర్చోబెట్టి తలుపు వేయించాడు. ఆ అమ్మాయి ఏం నోట్లో వేసుకుంటుందో విహారికి కూడా చెప్పలేదు.

తాయారు కళ్ళు మూసుకుని కూర్చుంది.

"పటికబెల్లం" అంది కాసేపటికి. "నీళ్ళు తాగింది. ఇప్పుడు చింతపండు, కొత్తది కాదు, పాతది. మళ్ళీ నీళ్ళు. వేపాకు." అని ఆగి, ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "అయ్యో, ఆ పిల్ల నాలిక కొరుక్కుంది. నెత్తురొస్తోంది, చూడండి."

విహారి తలుపు తీసేసరికి చందన ఎదురొస్తోంది, పెదాలకి రుమాలు అడ్డం పెట్టుకుని. రుమాలు మీద ఎర్రటి చుక్క. "ఈవిడకెలా తెలిసింది సార్?" అని, జవాబు రాకముందే తలపట్టీ లాగి బల్ల మీద పడేసింది.

విహారి ఆ తలపట్టీ తీసి పక్కన పెట్టాడు. తర్వాత వీరభద్రం వైపు చూసి చెప్పాడు, తాయారు వైపు చూడలేక.

"మీ ఉప్పు వాళ్ళకి ఎంత ఉప్పగా తెలుస్తోందో యంత్రానికి తెలియాలి కదండీ. అందుకని వాళ్ళ పట్టీల నుంచి వెనక్కి కొలతలు వచ్చే దారి ఒకటి పెట్టాను. పట్టీ మనిషికి అలవాటు పడాలి కాబట్టి రోజంతా పెట్టుకోమన్నాం. ఆ దారిలో కొలతలొక్కటే వస్తాయనుకున్నాను. వాళ్ళ నోళ్ళే వస్తున్నాయి. ఎవరి రుచి గట్టిగా ఉంటే అది పైకి తేలుతోంది."

"వాళ్ళకి తెలుసా?" అంది తాయారు.

"తెలీదు."

"వాళ్ళ నోళ్ళలోకి నేను తొంగి చూస్తున్నానని వాళ్ళకి తెలీదు" అని మళ్ళీ తనలో తాను అనుకుంది. అప్పటిదాకా వాళ్ళు తన నోట్లోకి వస్తున్నారని భయపడింది. ఇప్పుడు తానే దొంగలా అనిపించింది.

ముకుంద్ మాత్రం విషయం విని కుర్చీలో ముందుకి జరిగాడు. "డాక్టర్ గారూ, దీన్ని లోపం అంటారా మీరు? 'మీరు వండిన కూర మంగతాయారు గారు తిని చెబుతారు' అంటే ఎంతమంది చేరతారో చూడండి. ఇంకో రకం సభ్యత్వం పెడదాం."

"తీసెయ్యండి బాబూ, నాకొద్దు" అంది తాయారు.

"తీస్తామండీ. ఒప్పందం కాగితాలున్నాయి కదా. ఒక్క వారం టైమివ్వండి."

ఆ వారంలో నాలుగో రోజు. మధ్యాహ్నం మూడు దాటింది. ప్రసూన తలంటుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంటే తాయారు వెనక కూర్చుని చిక్కులు తీస్తోంది. వీరభద్రం లోపల వీడియో కత్తిరించుకుంటున్నాడు. నోట్లోకి చల్లగా, తియ్యగా మామిడి రసం వచ్చింది, సీసాల్లో అమ్మే రకం. ఎండకి ఎవరో తాగుతున్నారులే అనుకుంది. ఆ తీపి అడుగున ఇంకేదో ఉంది. కిరసనాయిలు లాంటి వాసన, దానితో పాటు నాలిక చివర్న సూదులు గుచ్చినట్టు మంట.

ఆ రుచి ఆమెకి తెలుసు. తాయారు తండ్రి చేలల్లో మందు కొట్టే కూలీ. ఆమెకి ఆరేళ్ళప్పుడు ఆయన చొక్కా జేబులో బెల్లం ముక్క దొరికితే నోట్లో వేసుకుంది. ఆయన పరిగెత్తుకొచ్చి, నోట్లో వేళ్ళు పెట్టి లాగేసి, పొలం కాలవలో పదిసార్లు పుక్కిలింపించాడు. బెల్లం కింద ఉన్నది ఇదే.

ఎవరో మామిడి రసంలో పురుగుల మందు కలుపుకుని తాగుతున్నారు.

దువ్వెన చేతిలోంచి జారిపోయింది. "అమ్మా, ఏంటి?" అంటూ ప్రసూన వెనక్కి తిరిగింది. తాయారు చెయ్యెత్తి ఉండమంది. ఒక్క గుక్క. చిన్నది. తర్వాత ఏమీ రాలేదు. ఆ తర్వాత ఉప్పు, పలచటి ఉప్పు, పెదాల మూలల నుంచి లోపలికి దిగుతున్న ఉప్పు. ఆ మనిషి ఏడుస్తోంది. గ్లాసు ఇంకా చేతిలోనే ఉండుంటుంది.

"ఏవండీ! డాక్టరు గారికి ఫోన్ చెయ్యండి. మన సభ్యుల్లో ఎవరో పురుగుల మందు తాగుతున్నారు. ఎవరో కనుక్కోమనండి. తొందరగా!"

వీరభద్రం ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. విహారి ఒక్క నిమిషంలో చెప్పాడు. "ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా ఉన్న కొలత రెండు వందల పన్నెండో నంబరు పట్టీ నుంచి వస్తోందమ్మా. కానీ నంబరే ఉంది. పేరూ ఊరూ ముకుంద్ గారి దగ్గర ఉంటాయి."

"అడగండి మరి!"

"వెళ్తున్నాను." అతను పరిగెడుతున్న చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు వినిపించాయి. ఆపైన ముకుంద్ గొంతు, దూరంగా. "ఎలా తెలిసిందని పోలీసులు అడిగితే ఏం చెబుతాం? అందరి నోళ్ళూ వింటున్నామని ఒప్పుకున్నట్టే కదా? లాయర్ని అడగనివ్వండి." విహారి ఏదో అరిచాడు. మాట అర్థం కాలేదు.

తాయారు ఇక వినలేదు. వంటింట్లోకి వెళ్ళి పెట్టెలోంచి బిళ్ళ తీసి అంగిట్లో అంటించుకుంది. ఒకసారి జారిపోతే మళ్ళీ అంటించుకుంది. ఆ మనిషి ఏ ఊళ్ళో ఉందో తెలియదు. ఫోన్ ముందు ఉందో లేదో, మాట వినిపిస్తుందో లేదో తెలియదు. బిళ్ళ అంగిట్లో ఉంటే ఆ మనిషి దాకా తప్పకుండా వెళ్ళేది ఒక్కటే, తన నోరు. బుట్టలోంచి నాలుగు పచ్చిమిరపకాయలు తీసి, తొడిమలతో సహా నోట్లో కుక్కుకుని కరకరా నమిలింది.

కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. చెవుల్లోంచి ఆవిరి పోతున్నట్టుంది. ఉమ్మలేదు. ఇంకో రెండు కొరికింది. అవతల ఆ మంటలో గ్లాసు పెదాలకి ఆనించలేకపోవాలి. అదొక్కటే ఆమె ఆలోచన.

"లైవ్ పెట్టండి" అంది భర్తతో, మాట సరిగా రాక. వీరభద్రం కెమెరా తిప్పాడు. ప్రసూన తల్లి జబ్బ గట్టిగా పట్టుకుని నిలబడింది.

"చూస్తున్నవాళ్ళందరికీ చెబుతున్నాను" అంది తాయారు. "మీలో ఒకరు ఇప్పుడు పురుగుల మందు చేతిలో పట్టుకుని ఉన్నారు. ఎవరో నాకు తెలీదు. ఎందుకో కూడా తెలీదు. నీ నోట్లో ఇప్పుడు మండుతోందే, అది నేనే, తాయారుని. నీ పక్కనే ఉన్నాను. ఆ గ్లాసు పారబొయ్యి. పారబోసి మనుషుల్ని పిలువు."

కామెంట్లు వరసకట్టాయి. ఎవరు, ఏ ఊరు, ఏమైంది? వాటిలో ఏ ఒక్కటీ ఆ మనిషిది కాదు.

నోట్లో తన మిరపకాయ మంట తప్ప మరేమీ లేదు. మామిడి లేదు. మందు లేదు. కన్నీళ్ళ ఉప్పు కూడా ఆగిపోయింది. పడిపోయిందా? పట్టీ తీసేసిందా? తాగేసి, ఇక ఏ రుచీ తెలియని చోటికి వెళ్ళిపోయిందా? గోడ గడియారంలో ముల్లు కదులుతోంది. వీరభద్రం కెమెరా వెనక నిలబడి ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్నాడు.  ఎవరూ లేని నోరు ఇంత భయపెడుతుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

అప్పుడు నీళ్ళు వచ్చాయి. బోరింగు నీళ్ళు, కాస్త ఇనుప వాసనతో. నోరు నింపుకుని, పుక్కిలించి, ఉమ్మి, మళ్ళీ నింపుకుంటున్నారు. ఒకసారి కాదు. పదిసార్లు.

తాయారు గట్టు మీద తల ఆనించి భోరుమంది.

అదే సమయానికి విశాఖపట్నంలో విహారి ముకుంద్ బల్ల మీదున్న కంప్యూటర్ని తనవైపు తిప్పుకుని పేరు చదివేశాడు. సత్యవేణి, ఇరవై నాలుగేళ్ళు, పెనుమంట్ర దగ్గర పల్లెటూరు. అంబులెన్సుకి ఫోన్ చేసి చిరునామా చెప్పాడు. ఆ సాయంత్రమే అతని ఉద్యోగం పోయింది. సత్యవేణి నాలుగు రోజులు భీమవరం ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది.

తాయారు ఆమెతో ఫోన్లో మాట్లాడింది. ఎందుకు తాగాలనుకున్నావని అడగలేదు.

"మీరు మిరపకాయలు నమిలారు కదండీ" అంది సత్యవేణి, గొంతు బొంగురుగా. "గ్లాసు దగ్గరికి తెస్తే మంట. మా అమ్మమ్మ వచ్చి నెత్తి మీద మొట్టినట్టు అనిపించిందండి. కోపమొచ్చి పారబోశాను. కోపమొచ్చాక ఏడుపు ఆగిపోయింది."

ఆ లైవ్ ఊరూరా పాకింది. మూడో రోజు ముకుంద్ స్వయంగా తణుకు వచ్చాడు, పళ్ళబుట్టతో.

"ప్రాణం కాపాడారండీ. మీతో కలుస్తామని నలభై వేల మంది పేర్లిచ్చారు. ఒంటరివాళ్ళు, దిగులుతో ఉన్నవాళ్ళు. వాళ్ళకి మీరొక్కరే ధైర్యం. ఇకనుంచి యాడ్ల మొహం చూడక్కర్లేదు మీరు."

నలభై వేల నోళ్ళు. తాయారు కళ్ళ ముందు ఆ నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నట్టయింది. వాటిలో ఎన్ని గ్లాసులు? ఏ పూట, ఏది ఎవరి పెదాలకి అందుతుందో? తాను నిద్రపోయిన క్షణాన ఎవరైనా తాగితే?

"నా వల్ల కాదు" అంది. "నేను వంట చేసేదాన్ని. కాపలా కాయలేను."

"తీయించుకుంటే రేపు ఇంకో సత్యవేణి తాగితే మీకు తెలీదు కదండీ. ఆ మాట ఆలోచించారా?" అన్నాడు ముకుంద్ మెల్లగా.

ఆ మాట ఆమెను ముల్లులా పట్టుకుంది. రెండు రోజులు తిండి లేదు. మూడో రోజు వీరభద్రాన్ని కెమెరా పెట్టమని, కంపెనీని అడగకుండా లైవ్‌లోకి వచ్చి ఉన్నదంతా చెప్పేసింది.

"మీరు తిన్నవీ తాగినవీ నాకు తెలుస్తున్నాయండీ. మీకు తెలీకుండా. నేను కావాలని చెయ్యలేదు, కానీ తెలిశాక కూడా కొన్నాళ్ళు నోరు మూసుకున్నాను. తప్పయింది. దయచేసి ఆ పట్టీలు తీసెయ్యండి. నేనూ తీయించుకుంటున్నాను. ఒంట్లోగానీ మనసులోగానీ బాగోకపోతే ఇంట్లోవాళ్ళకి చెప్పండి, పక్కింటివాళ్ళకి చెప్పండి, డాక్టర్లకి చెప్పండి. మిమ్మల్ని కళ్ళతో చూసే మనిషికి చెప్పండి."

కొందరు బూతులు తిట్టారు. కొందరు ఏడ్చారు. కంపెనీ నుంచి లాయరు నోటీసు వచ్చింది. నరసాపురం ఆయన ఫోన్ చేసి, "మళ్ళీ మట్టే కదమ్మా ఇక" అన్నాడు, కోపం లేకుండా. ఆ మాట తాయారు విహారికి చెప్పింది. ఉద్యోగం పోయినా తన పని ఆగదని, వెనక్కి దారి లేని పట్టీ చేసి ముందు ఆయనకే ఇస్తానని విహారి అన్నాడు. ఎప్పటికో అతనికీ తెలియదు.

రోజురోజుకీ నోరు నిశ్శబ్దమైపోయింది. జర్దా ఆగింది, సారా ఆగింది, మాత్రలు ఆగాయి. ఒక్క మనిషి మాత్రం మిగిలింది. "మీరు తీయించుకునేదాకా నేను తియ్యనండి" అని సత్యవేణి ముందే చెప్పింది. ఇప్పుడు పెనుగొండలో పెద్దమ్మ ఇంట్లో ఉంటోంది. ఆమె నోట్లో ఏది పడినా తాయారు చేస్తున్న పని ఆపి కొయ్యబారిపోయేది. అది టీ అనో, ఇడ్లీ అనో తేలేదాకా ఊపిరి బిగబట్టేది. కొన్ని పూటలు ఏమీ వచ్చేది కాదు. అవి ఇంకా భయంగా గడిచేవి.

విహారి స్నేహితుడైన సర్జను ఒకాయన విశాఖపట్నంలో తన నర్సింగ్ హోమ్‌లో చెవి వెనక ఆ గింజంత యంత్రం తీస్తానన్నాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి తాయారుని బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టారు. చెవి వెనక దూదితో తుడిచారు. పొద్దుటి నుంచీ నోట్లో ఏమీ లేదు. నీళ్ళు కూడా లేవు. ఆ పిల్ల లేచిందో లేదో. విహారి బల్ల పక్కనే నిలబడ్డాడు. సర్జను మత్తు సూది ఎత్తాడు.

అప్పుడు తాయారు నాలిక మీదికి ఏదో వచ్చింది.  బల్ల అంచు పట్టుకుంది.

వేడి. మెత్తదనం. కందిపప్పు. దాని మీద నెయ్యి, ఇప్పుడే కాచినట్టు కమ్మగా.

"ఆగండి డాక్టరు గారూ" అంది.

"నొప్పా అమ్మా?"

"కాదండీ. ఆ పిల్ల అన్నం తింటోంది. తిననివ్వండి."

సర్జను విహారి వైపు చూశాడు. విహారి తలూపాడు. సూది పళ్ళెంలో పెట్టేశారు. నర్సు గోడకి ఆనుకుని నిలబడింది. ఆ గదిలో నలుగురూ అలా ఉండిపోయారు. పప్పన్నం అయ్యాక బీరకాయ కూర వచ్చింది. మధ్యలో వడియం ఒకటి. ఓ ముద్ద దగ్గర చాలాసేపు ఆగింది. తాయారు కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. ఆఖరున మజ్జిగన్నం, ఉప్పు కాస్త ఎక్కువ పడింది. తర్వాత చల్లటి మంచినీళ్ళు, రెండు గుక్కలు.

ఇంకా ఏమైనా వస్తుందేమోనని తాయారు కాసేపు చూసింది. రాలేదు.

"ఇక తీసెయ్యండి" అంది.